ఆదివారం కబ్బన్ పార్కులో కన్నడ సాధన: బెంగళూరులో అత్యవసర విభాగం తెలుగు నర్సులకు

అక్కలకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు కబ్బన్ పార్కులో కలుద్దాం. మెట్రో స్టేషన్ వైపు గేటు దగ్గర ఉంటాను. రాత్రి డ్యూటీ చేసినవారు ముందు నిద్రపోండి, ఆలస్యమైనా ఫరవాలేదు.

పని ఒక్కటే: ట్రయాజ్ బల్ల దగ్గర, అంటే వచ్చిన రోగుల్లో ఎవరిని ముందు చూడాలో తేల్చే చోట, కావలసిన కన్నడ మాటలు. "ఎల్లి నోవు?", "యావాగినింద?" ఈ రెండూ నోటికి వస్తే ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచో అడిగేయవచ్చు. "ఎదె నోవు" మనకు తేలికే, మన ఎద, మన నొప్పి. "ఉసిరాటద తొందరె" దగ్గర మాత్రం జాగ్రత్త! అది మన తొందర కాదు, ఊపిరాడక ఇబ్బంది పడుతున్నారని. చేరిన కొత్తలో ఒక పెద్దాయన ఈ మాట అంటే, త్వరగా చూడమంటున్నారనుకుని కూర్చోమన్నాను. పక్కనున్న సీనియర్ సిస్టర్ విని వెంటనే ఆక్సిజన్ పెట్టించారు. ఆ క్షణం ఇప్పటికీ మరచిపోలేదు. ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల లోపల ఈసీజీ తీయాలి కదా, మాట అర్థం కాకపోతే ఆ సమయం అక్కడే పోతుంది.

మీ విభాగంలో తరచుగా వినబడే, అర్థం కాని మూడు మాటలు రాసుకుని రండి. రోగుల పేర్లు, ఫైళ్ల ఫోటోలు మాత్రం గ్రూపులో పెట్టకండి, దయచేసి.

ఆంధ్ర, తెలంగాణ కౌన్సిళ్లలో నమోదై, ఇంకా కర్ణాటక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కానివారు కాగితాల నకళ్లు తీసుకురండి, కలిసి చూద్దాం.

శుక్రవారం రాత్రికల్లా "వస్తాను" అని ఇక్కడే రాయండి. కాఫీ ఫ్లాస్కు నేను తెస్తాను, జంతికలు ఎవరు తెస్తారో చెప్పండి.