నీ గోడల ఆ సప్పుడు

హన్మకొండ,
ఆదివారం పొద్దుగాల

బిడ్డా,

రాత్రి నువ్వు ఫోన్ల మాట్లాడుతుంటె నీ మాట ఎనుక ఒక సప్పుడు విన్న. పోపు పెడుతున్న అన్నవు. పోపు సప్పుడు నాకు ఎరుకలేదా? నాలుగు చిటపటలు అని ఊకుంటది. ఇది ఊకోలే. ఆగి ఆగి, సన్నగ, ఎండిన ఆకుల మీద ఎవరో నడిచినట్టు వస్తనే ఉండె. గట్టిగ అడిగితె అప్పుడు చెప్పినవు, "స్విచ్ బోర్డు బాపూ, వారం సంది గట్లనే అంటున్నది, ఒక్కటి కొడితె ఊకుంటది" అని.

ఆ మాట విన్నంక నాకు నిద్ర పట్టలే. మీ అమ్మ సుత రెండుసార్లు లేచి కూసున్నది. ఫోన్ల చెప్తె నువ్వు సరే సరే అని పెట్టేస్తవు. అందుకే కాయితం మీద రాస్తున్న, కూసొని మొత్తం చదువు.

ముందుగాల, ఆ బోర్డును కొట్టుడు బందు చెయ్యి. కొట్టినప్పుడు లోపట వదులైన తీగ జరంత జరిగి మళ్ళ తగులుతది, సప్పుడు ఆగుతది. బాగైందని నువ్వు అనుకుంటవు. ఆ తీగ మాత్రం మునుపటి కంటె ఇంకింత వదులైతది.

అన్ని సప్పుళ్ళు ఒక తీరు గావు. మన ఇంట్ల ఫ్రిజ్ కాడ స్టెబిలైజర్ జుమ్ముమని అంటది కద, దానితోని భయం లేదు. మన ఇండ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరుగుతది, దానికి లోపటి ఇనుప రేకులు అటొకసారి, ఇటొకసారి లెక్కన సెకనుకు 100 సార్లు అదురుతయి. పాత ట్యూబ్ లైటు చోకు చేసే సప్పుడు సుత అదే. ఒక్క తీరుగ, ఎక్కువ తక్కువ లేకుంట వస్తది. ఫ్యాను రెగ్యులేటరు రెండు మీదనో మూడు మీదనో పెడితె గుయ్యిమంటది, అయిదు మీదికి తిప్పంగనే ఆగుతది. అది రెగ్యులేటరు గుణం. మరీ వేడెక్కుతుంటె మార్చుకోవాలె, అంతే.

నీ బోర్డుది ఆ జాతి గాదు. ఆగి ఆగి చిరచిర అనేది నిప్పురవ్వల సప్పుడు. స్క్రూ కింద తీగ గట్టిగ కూసోకపోతె నడుమ వెంట్రుక మందం సందు వస్తది. కరెంటు ఆ సందును దుంకి పోతది. దుంకినప్పుడల్లా సన్నటి రవ్వ లేస్తది, ఆ రవ్వకు తీగ కొస కాలి మసి పడుతది. మసి పట్టిన కాడ కరెంటుకు దారి ఇరుకైతది, ఇంకింత వేడి పుడుతది. వేడికి తీగ ఉబ్బుతది, నువ్వు స్విచ్ ఆపినంక చల్లబడి ముడుచుకుంటది. రోజు రెండు పూటలు గట్ల ఉబ్బి ముడుచుకుంటె స్క్రూ తనంతట తనే వదులైతది. ఇది దానంతట అది బాగయ్యే రోగం గాదు బిడ్డా. రోజు రోజుకు ముదురుతది.

నీ వంటింట్ల ఎట్ల మొదలైందో నేను ఇక్కడ కూసొనే చెప్తా. ఇండక్షన్ పొయ్యి కొనుక్కున్నవు. దాని పిన్నులు లావు, మామూలు ప్లగ్గుల పట్టయి. నువ్వు దుకాణంల కన్వర్టర్ ప్లగ్గు తెచ్చి పెట్టినవు. అవునా కాదా? ఆ పొయ్యి 2000 వాట్లది. 230 వోల్టుల మీద 2000 వాట్లు అంటే 8.7 ఆంప్స్. ఆ సన్న సాకెట్టు 6 ఆంప్స్ కోసం చేసింది, సెల్లు చార్జరుకు, మిక్సీకి. దాని మీద నువ్వు రోజు రెండు పూటలు అన్నం, కూర, చాయ్ అన్నీ చేస్తున్నవు. లోపట పిన్నును పట్టుకునే ఇత్తడి పత్తీలు వేడికి బిగువు పోయి నోరు తెరిచి ఉంటయి. మీరు రామగుండం దాటంగ రైల్ల నుంచి ఎన్టీపీసీ పొగగొట్టాలు చూస్తరు కద, 2600 మెగావాట్ల పాత ప్లాంటు. అంత పెద్ద కరెంటు అన్ని తీగలు దాటి మంచిగనే వస్తది. వచ్చి నీ వంటింట్ల ఆ ఒక్క పత్తీ కాడ ఇరుక్కుంటున్నది.

నీకు ఒక సంగతి ఇన్నేండ్లు చెప్పలే. కుమార్‌పల్లిల కిరాయికి ఉన్నప్పుడు ఒక రాత్రి అందరం వాకిట్ల పండుకున్నం, నీకు సంబురమైంది, నాయినమ్మ పక్కన పండి చుక్కలు లెక్కపెట్టినవు. నీకు అప్పుడు ఆరేండ్లు. ఎందుకు వాకిట్ల పండినమో నీకు తెల్వదు.

నడిమింటి బోర్డు పదిరోజుల సంది చిరచిర అంటున్నది. మీ అమ్మ మూడుసార్లు చెప్పింది. నేను అప్పుడు కాజీపేటల ఒక కొత్తింటి వైరింగ్ ఒప్పుకొని పొద్దుగాల పోతె రాత్రికి వస్తున్న. ఆదివారం చూస్త, ఆదివారం చూస్త అని రెండు ఆదివారాలు దాటేసిన. ఆ రాత్రి నాయినమ్మ లేపింది, "ఏందిరా, చేపలు మాడిన వాసన వస్తున్నది" అని. మన ఇంట్ల ఆ పూట చేపలే వండలే. లేచి చూస్తె బోర్డు ప్లేటు అప్పడం తీరు ఉబ్బి ఉన్నది, దాని పైన గోడ జానెడు మేర నల్లగైంది. మెయిన్ దించి వచ్చి టార్చి కొట్టి చూస్తె, బోర్డు కిందనే నీ మంచం. కరిగిన ప్లాస్టిక్ ఒక్క చుక్క నీ దుప్పటి మీద పడి రూపాయి బిళ్ళంత రంధ్రం చేసింది. నీ కాలికి బెత్తెడు దూరంల. ఆ దుప్పటి మీ అమ్మ ఇప్పటికీ పారెయ్యలే, బీరువాల అడుగున ఉన్నది.

తెల్లారి ప్లేటు విప్పి చూసిన. అల్యూమినియం తీగ కొస తెల్లటి బూడిద లెక్క రాలింది. స్క్రూ అర చుట్టు వదులున్నది, అంతే, అర చుట్టు. పింగాణి ఫ్యూజు ఊడదీసి చూస్తె తీగ చెక్కుచెదరలే. ఊళ్ళ అందరి ఇండ్లు బాగు చేసేటోన్ని, నా బిడ్డ మంచం పక్కన బోర్డును చూడకపోతిని. ఆ బరువు నాకు ఇప్పటికీ దిగలే.

ఫ్యూజు ఎందుకు పోలేదో నువ్వు అర్థం చేసుకోవాలె, ఎందుకంటె "ఎంసీబీ ఉన్నది కద బాపూ" అని నువ్వు అంటవు. ఎంసీబీ అంటె మెయిన్ డబ్బాల తనంతట తనే పడే స్విచ్, ఎక్కువ కరెంటు పోతె పడుతది, షార్ట్ అయితె పడుతది. వదులు తీగ కాడ పోయేది ఎప్పటి కరెంటే, ఎక్కువ గాదు. పైగ మీ వంటింటి ఎంసీబీ 16 ఆంప్స్ ది ఉంటె నీ 8.7 దానికి లెక్కనే గాదు. ఆర్‌సీసీబీ ఉన్నా, అది కరెంటు భూమిలకు గాని మనిషిలకు గాని కారితె పడుతది, 30 మిల్లీ ఆంప్స్ కే పడుతది, మంచిదే. ఈ రవ్వను అది పట్టుకోదు. అందుకే నీ చెవి, నీ ముక్కు ముందుగాల పట్టాలె.

ఇప్పుడు ఏం చెయ్యాలె? ఇండక్షన్ పొయ్యిని దాని బటన్ తోనే ఆపు. చేతులు మంచిగ తుడుచుకొని, చెప్పులు ఏసుకొని ఎంసీబీలున్న డబ్బా కాడికి పోయి వంటింటి ఎంసీబీ దించు. ఏది వంటింటిదో తెల్వకపోతె మెయినే దించు. బోర్డు మీద స్విచ్ ను ముట్టకు. కొన్ని ఇండ్లల్ల స్విచ్ ను కరెంటు వచ్చే ఫేజు తీగ మీద పెట్టక, తిరిగి పోయే న్యూట్రల్ తీగ మీద పెడుతరు, స్విచ్ ఆపినా లోపట కరెంటు ఉంటనే ఉంటది. మీ ఓనరమ్మ ఇంట్ల ఇన్వర్టర్ ఉన్నది అన్నవు కద, అది మరువకు. మెయిన్ దించినా ఇన్వర్టర్ లైను బతికే ఉంటది. నాతోని పనిచేసిన పిల్లగాడు ఒకడు గట్లనే ఎగిరి పడ్డడు, చెయ్యి దక్కింది.

మెయిన్ దించినంక సుత మీటరు కాడ సప్పుడు వస్తుంటె అది మనం ముట్టేది గాదు, 1912 కు ఫోన్ చెయ్యి. పొగ గాని మంట గాని కనబడితె నీళ్ళు చల్లకు, బయటికి వచ్చి 101 కు చెయ్యి. నడుమ నడుమ ముసురు పడుతున్నది, ఆ గోడ చెమ్మ పట్టిందా అది సుత చూసి చెప్పు.

వైర్‌మన్ వస్తె టేపు చుట్టి పోనియ్యకు. కాలిన కొసను కత్తిరించి, రాగి ఎర్రగ మెరిసే దాక ఎనుకకు పోవాలె. కొసను మడిచి స్క్రూ కింద పెట్టి బిగించి, గుంజి చూడాలె. సాకెట్టు, స్విచ్ రెండూ మార్చాలె, పాతది తుడిచి పెడితె పనికి రాదు. ఇండక్షన్ కు డబ్బా నుంచి విడిగ 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ లాగి, 16 ఆంప్స్ సాకెట్టు పెట్టియ్యాలె. అంతదాక చిన్న గ్యాసు పొయ్యి మీదనే వండుకో.

ఓనరమ్మ పైసలకు ఎనుక ముందు ఆడితె నేను మాట్లాడుత. ఆమె ఒప్పుకోకున్నా మనమే పెట్టుకుందాం, కిరాయి సంగతి ఎనుక చూసుకుందాం.

మన వాడకట్టు పిల్లగాడు రేపు భాగ్యనగర్ రైలు ఎక్కి మంచిర్యాలకు వస్తున్నడు. ఈ ఉత్తరంతోని సంచి ఒకటి పంపుతున్న. అందుల 16 ఆంప్స్ సాకెట్టు, దాని స్విచ్, నా పాత టెస్టరు కాయితంల చుట్టి పెట్టిన. మీద మీ అమ్మ మక్క గారెలు పెట్టింది, సామాన్లకు నూనె అంటకుంట చూసుకో. వైర్‌మన్ వచ్చినప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యి, ప్లేటు మూసే ముందే చెయ్యి. స్క్రూలు నేను చూడాలె.

నీ బాపు