బేకర్ గోడలు మన ఎండలకు అవసరం

సంపాదకులకు నమస్కారం.

1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన వాస్తుశిల్పి లారీ బేకర్ పనితనం నెల్లూరు జిల్లాలో ఇళ్లు కట్టుకునేవారందరికీ తెలియాలి. ఆయన ఇటుకలను పడుకోబెట్టకుండా నిలువుగా పేర్పించి గోడ మధ్యలో ఖాళీ వదిలించేవారు. దానివల్ల సుమారు నాలుగో వంతు ఇటుకలు ఆదా కావడమే కాక, ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని తేలిగ్గా లోపలికి రానివ్వదు. శ్లాబు అడుగున, కాంక్రీటు బలం పెద్దగా అక్కరలేని చోట, పాత పెంకులు పెట్టించేవారు. కావలిలో మా పెంకుటిల్లు తీసి శ్లాబు వేశాక, రోహిణి కార్తెలో రాత్రి పదింటికి కూడా గోడకు వీపు ఆనించలేకపోతున్నాం. దించిన పెంకులు మాత్రం పెరట్లో నాచు పట్టి పడివున్నాయి. ప్రభుత్వ గృహ నిర్మాణ పథకాల్లోనైనా ఈ పద్ధతులను మన మేస్త్రీలకు నేర్పించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కావలి