పటం ఎవరి ముందు విప్పుతారన్నది కూడా చదువే

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మా పట్టణంలోని ఒక కళాశాలలో విద్యార్థులు ఏర్పాటు చేసిన జానపద కళల ప్రదర్శనను చూసి వచ్చాను. పిల్లల శ్రద్ధలో లోటు లేదు. గోడకు చేర్యాల పద్ధతిలో, అంటే కథ చెప్పడానికి గుడ్డ మీద గీసే పద్ధతిలో, వేసిన బొమ్మలు, బల్ల మీద కిన్నెర అనే తీగవాయిద్యం నమూనా, వరండాలో రంగుపొడులతో వేసిన పట్నం అనే పూజముగ్గు, ప్రతిదాని పక్కన పేరూ పదార్థాలూ రాసిన అట్టముక్క. ఆ బొమ్మలోని కథ ఎవరిదని ఒక అమ్మాయిని అడిగితే, "తెలంగాణ జానపద కళ సార్" అంది. ఎవరు చెప్తారు, ఎవరికి చెప్తారు అని మళ్ళీ అడిగాను. ఆ అమ్మాయి అట్టముక్క వైపు చూసింది, అందులో ఆ సంగతి లేదు. తప్పు ఆ పిల్లది కాదు. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పిన నాబోటివాళ్ళం ఈ కళలను అలాగే, పేర్ల పట్టికగా, రెండు మార్కుల ప్రశ్నగా నేర్పాం. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం అనే నేత ఊళ్ళ పేర్లు తెలియని విద్యార్థి ఉండడు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ, ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును నానబెట్టడం వల్లనే దానికా పేరు వచ్చిందనీ పిల్లలు చక్కగా చెప్పగలరు. అయితే ఆ మగ్గం మీద కూర్చున్న పద్మశాలికి తన కులకథను పటం, అంటే బొమ్మలు గీసిన పొడవాటి గుడ్డచుట్ట, విప్పి చెప్పే కూనపులివారు ఉన్నారని, మార్కండేయుని వంశంలో పుట్టిన భావనారుషి తామర తూడు దారంతో బట్ట నేసిన కథ ఆ పటం మీద ఉంటుందని చెప్పగలిగినవారు అరుదు. బట్టను ఒక పాఠంలో, బొమ్మను మరొక పాఠంలో, కథను మూడో పాఠంలో పెట్టి మనం విడదీశాం. ఊళ్ళో ఆ మూడూ ఒకే వాకిట్లో ఉండేవి.

ఒక్క కూనపులివారే కాదు. మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మంగలివారికి అద్దపుసింగువారు ఇలాగే కథ చెప్పేవారు. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివని మిరాశీ హక్కులుండేవి. ఆ హక్కు ప్రకారం వచ్చి, రోజుల తరబడి ఉండి, కథ చెప్పి, తమకు రావలసిన త్యాగం అనే ప్రతిఫలం తీసుకొని పోయేవారు. వారు గీయించుకునే పటం ఖద్దరు గుడ్డ మీద చింతగింజల గంజి, తెల్లసుద్ద పూసి, ఎండబెట్టి, ఎర్రని నేపథ్యం మీద నకాషీలనే చేర్యాల చిత్రకారులు గీసినది. ఘట్టం తరువాత ఘట్టంగా పైనుంచి కిందికి సాగే ఆ బొమ్మల వరుస గోడకు వేలాడదీసి చూసుకోవడానికి కాదు, కథకుడు కర్రతో చూపుతూ ఒక్కొక్క ఘట్టాన్నే విప్పుతూ పోవడానికి. గుంపులో వెనక కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరు దేవుడో ఎవరు రాక్షసుడో తెలియాలి కాబట్టి గీతలు అంత బలంగా, రంగులు అంత ముదురుగా ఉంటాయి. కథా, చెప్పేవాడూ, వినేవాడూ లేకుండా ఈ బొమ్మను చూస్తే దాని రూపం అలా ఎందుకుందో కూడా అర్థం కాదు. నేటి చేర్యాల చిత్రకారులు ముఖాల మాస్కులు, చిన్న చట్రాల బొమ్మలు చేసి బతుకుతున్నారంటే అది వారి నేర్పు, దాన్ని నేను తక్కువ చేయను. ఆ చట్రాన్నే మూలరూపమని పాఠంలో రాయడంతోనే నాకు పేచీ.

చాలా ఏళ్ళ కింద, ఉద్యోగంలో ఉన్నప్పుడు, ఒక పటం కథకుణ్ణి ఫోటో కోసం పటం విప్పి చూపమని అడిగాను. ఆయన నొచ్చుకోకుండానే, "దీపం పెట్టాలె, కొబ్బరికాయ కొట్టాలె, విననీకి మనుషులు కూసోవాలె సారూ, ఊకె ఇప్పొద్దు" అన్నాడు. ఆ రోజు నాకు కొంచెం కోపమే వచ్చింది. ఒక పెద్ద పాఠాన్ని ఆయన ఒక్క మాటలో చెప్పాడని తరువాత తెలిసింది. పటం వారికి వస్తువు కాదు, ఆవాహన చేసిన దేవత. చిరిగి పాతబడితే పారేయరు, శాస్త్రోక్తంగా నదిలో నిమజ్జనం చేస్తారు. మ్యూజియం అద్దాల వెనక భద్రంగా ఉన్న పాత పటాన్ని చూసి మనం సంతోషిస్తాం, సంతోషించవలసిందే, కానీ ఆ పటం మామూలుగా అయితే అక్కడ ఉండవలసినది కాదన్న సంగతి కూడా పక్కన రాసి ఉండాలి.

పట్నం విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మల్లన్న పేరిట, బీరప్ప పేరిట ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపొడి చేతి వేళ్ళ మధ్యనుంచి జారవిడుస్తూ వేసే ఆ ముగ్గు ఎంత శ్రమతో వేస్తారో చూసినవారికి తెలుసు. పూజ ముగిశాక దాన్ని తొక్కి చెరిపేస్తారు. చెరిపినప్పుడే అది పూర్తయినట్టు. ప్రదర్శనలో పిల్లలు పట్నం చుట్టూ తాడు కట్టి "తాకరాదు" అని రాసిపెట్టారు. వారి జాగ్రత్తను మెచ్చుకుంటూనే, ఆ తాడు పట్నం అర్థాన్ని తలకిందులు చేసిందని వారికి ఎవరూ చెప్పలేదే అని బాధపడ్డాను. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. "ఓ లింగా" అని కేకలు వేస్తూ గట్టెక్కే యాదవుల మధ్య, డోలు దెబ్బల మధ్య ఒక్క రాత్రి గడిపిన విద్యార్థికి, అట్టముక్కలు చెప్పలేని దానిలో సగమైనా తెలుస్తుంది.

ఇక పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, సంగతి. 2022లో నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు, 2024లో నారాయణపేట జిల్లాకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ పురస్కారాలు వచ్చినప్పుడు దక్షిణ తెలంగాణ అంతా పొంగిపోయింది. అయితే అప్పుడు వచ్చిన రాతల్లో చాలా భాగం వాయిద్యం ఎంత అరుదైనదో, వాయించేవారు ఎంత తక్కువో చెప్పి ఆగిపోయాయి. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు అమర్చి, తేనెమైనంతో స్వరాల మెట్లు నిలిపిన డక్కలివారి కిన్నెర నిర్మాణం ముచ్చటైనదే. దాని మీద పలికే పండుగ సాయన్న కథ, ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టిన మనిషిగా పాలమూరు పల్లెలు దాచుకున్న జ్ఞాపకం. ఆ కథను ఎవరు ఎందుకు నిలబెట్టుకున్నారో, ఊరి పెత్తనాల గురించి అది ఏం చెబుతుందో అడగకుండా మెట్ల లెక్క మాత్రమే రాసుకుంటే మనం నేర్చింది వడ్రంగమే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కళను దాని సమాజంలో పెట్టి చదవడమంటే ఆ పాత కట్టుబాట్లను మెచ్చుకోవడమని కొందరు మిత్రులు పొరబడుతున్నారు. డక్కలివారు మాదిగల దగ్గర తప్ప మరొకరి దగ్గర చేయి చాపరాదన్న నియమం, ఆ మాదిగలే వారిని తమకంటే కింద ఉంచడం, ఊరికి దూరంగా గుడిసెలు వేసుకోవలసి రావడం, ఇవన్నీ ఆ సందర్భంలో భాగమే. జాంబపురాణం వంటి మహత్తరమైన కథ, సృష్టికి ముందే పుట్టిన ఆదిజాంబవుణ్ణి తమ మూలపురుషుడని మాదిగలకు గర్వంగా చెప్పే కథ, అంతటి అవమానం అనుభవించిన గొంతుల్లో బతికింది. ఈ రెండు నిజాలనూ పక్కపక్కనే పెట్టగలిగినప్పుడే అది చదువు అవుతుంది. డక్కలి ఇంటి పిల్లవాడు కిన్నెర వదిలి డిగ్రీ చదివి ఉద్యోగం చేస్తానంటే, "కళ అంతరించిపోతోంది" అని అతని ముందు కన్నీళ్ళు పెట్టే హక్కు మనకు లేదు.

డిగ్రీ కళాశాలల్లో విద్యార్థులు చేసే అధ్యయన ప్రాజెక్టులను మార్గదర్శనం చేసే అధ్యాపకులకు నా మనవి ఇది. పిల్లలను పదార్థాల పట్టికతో మొదలుపెట్టించకండి. ఈ కథ ఎవరికి చెప్తారు, ఎప్పుడు చెప్పకూడదు, బదులుగా ఏం ఇస్తారు, ఇవ్వకపోతే ఏమవుతుంది, ఇంట్లో ఆడవాళ్ళకు ఈ పనిలో చోటెంత అన్న ప్రశ్నలతో పంపండి. పాడిన మాటను పాడినట్టే, ఆ యాసలోనే రాసుకోమనండి, గ్రాంథికంలోకి దిద్దవద్దు. 2016లో జిల్లాలు విడిపోయాక మన ప్రాజెక్టులు కూడా జిల్లా హద్దు దగ్గర ఆగిపోతున్నాయి, కానీ మిరాశీ ఊళ్ళకు ఆ హద్దులు లేవు, కథకుడి వెంట పక్క జిల్లాకూ పోవలసిందే. రికార్డు చేసేముందు అనుమతి అడగాలి, కథకునికి ఆ రోజు కూలి నష్టం కాకుండా చూడాలి, తీసిన దాని ప్రతిని ఆ ఇంటికి చేర్చాలి. ఇవి మర్యాదలు కావు, పద్ధతిలో భాగాలు.

నల్లగొండ పక్కన పానగల్లులో, మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రిలో మనకు మ్యూజియంలు ఉన్నాయి. శిల్పాలకూ శాసనాలకూ దొరికిన చోటులో కొంతైనా ఈ కథకులకు దొరికి, ఏడాదికి కొన్ని రోజులు కూనపులివారో మందహెచ్చులవారో తమ పోషక కులాల ఇళ్ళవారిని పిలుచుకొని, తమ పద్ధతిలో దీపం పెట్టి పటం విప్పగలిగితే, ఆ పిల్లలను నేనే వెంటబెట్టుకొని పోతాను. నా దగ్గర పాత పర్యటనల్లో రాసుకున్న నోటు పుస్తకాలు కొన్ని ఉన్నాయి. అడిగిన ఏ కళాశాలకైనా చూసుకోవడానికి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
నల్లగొండ