గ్రేట్ నికోబార్: నేల ఎత్తు లెక్క చెప్పండి

సంపాదకులకు,

గ్రేట్ నికోబార్ దీవిలో గలతియా అఖాతం దగ్గర కట్టబోయే భారీ ఓడరేవు గురించి చర్చంతా అడవి, తాబేళ్లు, వ్యాపారం చుట్టూ తిరుగుతోంది. అవి ముఖ్యమైనవే. అక్కడి నేల ఎత్తు మారిపోతుందన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రావడం లేదు.

2004 డిసెంబరు 26 భూకంపంలో ఆ దీవి దక్షిణ కొన ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగింది. అక్కడి దీపస్తంభం అడుగుభాగం నీళ్లలో చిక్కుకుంది. సునామీ కెరటం వెనక్కి పోయింది, కుంగిన నేల మాత్రం తిరిగి లేవలేదు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో భూగోళం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. మా కుటుంబం శ్రీకాకుళం నుంచి అక్కడికి వలస వెళ్లింది. ఆ భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల నేల దాదాపు మీటరు దిగింది. సిప్పిఘాట్‌లో మా బంధువుల వరిచేలలోకి వచ్చిన ఉప్పునీరు మళ్లీ సముద్రంలోకి పోలేదు. పోకచెట్లు నిలువునా ఎండిపోయాయి. తుపాను ముంపయితే ఏడాదికో రెండేళ్లకో పొలం దక్కేది.

అదే రోజు ఉత్తర అండమాన్ పడమటి తీరంలో పగడపు దిబ్బలు నీటిపైకి లేచి, ఎండకు చచ్చిపోయాయి. భూమి పైపొర పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది. దీవులకు పడమట సముద్రగర్భంలో భారత పలక బర్మా పలక కిందికి దూరుతోంది. రెండూ పట్టేసుకుని ఉన్నన్నాళ్లూ పై పలక అంచు కిందికి ఈడ్చుకుపోతుంది, దాని వెనక భాగం మెల్లగా ఉబ్బుతుంది. పట్టు తెగగానే అంచు లేస్తుంది, వెనక భాగం కుంగుతుంది. అందుకే పలకలు కలిసేచోట ఉన్న సముద్రపు అగాధానికి దగ్గరున్న తీరాలు లేచాయి, దూరంగా ఉన్నవి దిగిపోయాయి.

ఇంతటి మహాభూకంపం 420 నుంచి 750 ఏళ్లకోసారి వస్తుందన్న పరిశోధనను చూపించి ఓడరేవును సమర్థించేవారు ధైర్యం చెబుతున్నారు. ఆ పరిశోధన మీద నాకు గౌరవం ఉంది, ఆ ధైర్యంతోనే పేచీ. 1881లో కార్ నికోబార్ దగ్గర, 1941లో అండమాన్‌లో వచ్చిన భూకంపాలు అంత పెద్దవి కావు. అయినా 1941లో సెల్యులార్ జైలు దెబ్బతింది. పైగా పెద్ద భూకంపం ముగిశాక కూడా నేల ఏళ్ల తరబడి కదులుతూనే ఉంటుంది. రేవుగోడ ఎత్తును ఏ ఏడాది నేల మట్టం నుంచి లెక్కకట్టారు? మళ్లీ 4 మీటర్లు కుంగితే ఆ గోడ ఎక్కడుంటుంది?

2007 నుంచి సునామీ హెచ్చరికలిస్తున్న కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. దీవుల నేల కదలికను మిల్లీమీటర్లలో పట్టే ఉపగ్రహ ఆధారిత పరికరాలూ ఉన్నాయి. వర్షపాతం అంకెలను ప్రకటించినట్టే, ఒక్కో దీవిలో నేల ఎంత లేచిందో, ఎంత దిగిందో ఏటా ప్రకటించాలి. హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగుతో పాటు నికోబారీలోనూ ఇవ్వాలి. గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బేలో ఇల్లు కట్టుకోవాలనుకునేవారు పునాది వేయకముందే ఆ అంకె చూసుకోగలగాలి. ఓడరేవు పనులకు టెండర్లు పిలిచే ముందే గలతియా అంకెలను ప్రజల ముందు పెట్టాలి.

– విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు, విశాఖపట్నం