జీన్ హాక్‌మన్‌ని ఎక్కణ్ణుంచి మొదలెట్టాలంటే

ఒరేయ్ ప్రసాదూ,

హాలీవుడ్ నటుడు జీన్ హాక్‌మన్ సినిమాలు వరసపెట్టి చూద్దామని కూచున్నావు, బావుంది. కానీ పోయి పోయి ‘సూపర్‌మ్యాన్’తో మొదలెట్టావు చూడు, అక్కడే బోల్తా కొట్టావ్. అందులో విలన్ లెక్స్ లూథర్ వేషం ఆయనకి ఆటవిడుపు. మీసం తియ్యనని మొరాయిస్తే డైరెక్టర్ రిచర్డ్ డోనర్, నువ్వు తీస్తే నేనూ తీస్తానన్నాట్ట. ఈయన గీయించుకున్నాక డోనర్ తన మీసం పట్టుకుని ఊడపీకాడు. అంటించుకున్నది! ఆ సినిమా ఒక్కటీ చూసి ‘ఏముందిరా ఈ మనిషిలో’ అని నువ్వు అడిగావంటే తప్పు నీది కాదు, వరసది.

ముందు 1992 నాటి ‘అన్‌ఫర్‌గివెన్’ పెట్టు. చూసేటప్పుడు ఒక్కటే పట్టుకో, ఆయన నవ్వు. సంతోషం కొద్దీ వచ్చే నవ్వు కాదది. ఎదుటివాడు ఎంత దూరం వెళ్తాడో తూకం వేసే నవ్వు. జైలు సీను దగ్గర ఫోను పక్కన పడేసి చూడు. ఇంగ్లీష్ బాబ్ అనే పిస్తోలు వీరుడు తన్నులు తిని కటకటాల వెనకున్నాడు. బాబ్ గొప్పల్ని పుస్తకంగా అచ్చేసిన రచయిత ఇవతల బిక్కచచ్చిపోయి ఉన్నాడు. షెరీఫ్ లిటిల్ బిల్, అంటే మన హాక్‌మన్, ఆ పుస్తకం తీసి ‘డ్యూక్’ అని ఉన్నచోటల్లా ‘డక్’ అని చదువుతాడు. ప్రభువు కాస్తా బాతైపోయాడు. అక్కడితో ఆగడు. పిస్తోలు తీసి రచయిత చేతిలో పెడతాడు, నన్ను కాల్చి మీ దారిన మీరు పోవచ్చని. వాడి వల్ల కాదు. అయితే బాబ్‌కి ఇవ్వమంటాడు. బాబ్ దాని వంక చూస్తాడు, చూస్తాడు, చెయ్యి చాపడు. ఖాళీ తుపాకీ అయ్యుంటుందని వాడి అనుమానం. తర్వాత బిల్ తూటాలు రాల్చి చూపిస్తాడు, నిండుగానే ఉంది. ఇంత జరిగినా ఆయన గొంతు పెద్దగా పెరగదు, గమనించు.

ఇదే మనిషి అదే సినిమాలో సొంత చేతుల్తో ఇల్లు కట్టుకుంటూ ఉంటాడు. ఒక్క మూల కూడా తిన్నగా ఉండదు. వాన పడితే కప్పు కారి కింద గిన్నెలు పెట్టుకోవాలి. తాను విలన్నన్న సంగతి ఈ విలన్‌కి తెలీదురా, ఊరిని బాగుచేస్తున్నాననే అనుకుంటాడు. హింస ఎక్కువైందని మొదట ఈ వేషం వద్దన్నాడు హాక్‌మన్. సినిమా డైరెక్టరూ హీరోనూ అయిన క్లింట్ ఈస్ట్‌వుడ్ నచ్చజెప్పి ఒప్పించాడు. రెండో ఆస్కార్ దీనికే.

ఇప్పుడు వెనక్కి, 1967కి వెళ్ళు. ‘బానీ అండ్ క్లైడ్’లో ఆయన బ్యాంకు దొంగ క్లైడ్‌కి అన్న బక్. ముసలితల్లికి పాలల్లో బ్రాందీ కలిపి పట్టించిన కొడుకు జోకు ఒకటి చెప్తాడు. ఏం చేసినా సరే ఆ ఆవుని మాత్రం అమ్మకురా అంటుందా తల్లి. చెప్పేసి, అందరికంటే ముందు తనే పగలబడి నవ్వుతాడు. లిటిల్ బిల్ నవ్వు కాదు ఇది, కాసేపు నిశ్శబ్దంగా ఉంటే భరించలేనివాడి నవ్వు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఈయన పనితనం సగం అర్థమైపోతుంది. మొదటి ఆస్కార్ నామినేషన్ దీనికే, సినిమా వచ్చేనాటికే 37 ఏళ్ళు. అంతకు ముందు పాసడీనా ప్లేహౌస్‌లో నటన నేర్చుకుంటుంటే ఈయన్నీ, తర్వాత పెద్ద నటుడైన డస్టిన్ హాఫ్‌మన్‌నీ కలిపి ‘పైకి రాని బాపతు’ అని తేల్చేశారు తోటివాళ్ళు. న్యూయార్క్‌లో తలుపు దగ్గర కాపలా కాశాడు, ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోశాడు. ‘ది గ్రాడ్యుయేట్’లో వేషం ఇచ్చి రిహార్సల్స్‌లోనే తీసేశారు.

1971 ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ గురించి ఎవర్నడిగినా రైలు వంతెన కింద కారు ఛేజ్ గురించే చెప్తారు. బావుంటుంది, కాదన్ను. నువ్వు మాత్రం పిజ్జా సీను చూడు. లోపల వెచ్చటి రెస్టారెంట్‌లో ఫ్రెంచి స్మగ్లర్ తీరిగ్గా భోంచేస్తుంటాడు. ఎదురుగా రోడ్డు మీద, వణికించే చలిలో వాణ్ణి కాపు కాస్తున్న పోలీసు, అంటే మన హాక్‌మన్, చేతిలో పిజ్జా ముక్క, కాగితపు కప్పులో కాఫీ. ఒక గుక్క తాగి, మిగతాది నేల మీద ఒంపేస్తాడు. డైలాగుతో పనే లేదు, ఆ స్మగ్లర్ మీద వాడికి అంత కసి ఎందుకో ఆ ఒంపడంలోనే తెలుస్తుంది. మొదటి ఆస్కార్ ఈ సినిమాకి.

‘ది కాన్వర్‌సేషన్’ (1974) మాత్రం ఫోన్ స్పీకర్‌లో చూడకు, హెడ్‌ఫోన్స్ పెట్టుకో. ఇందులో ఆయన జనం మాటల్ని రహస్యంగా రికార్డు చేసిపెట్టే మనిషి, కథంతా శబ్దం మీదే నడుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్‌లో గుండ్రంగా తిరుగుతున్న ఓ జంట మాటల్ని మూడు చోట్ల నుంచి రికార్డు చేస్తారు. తర్వాత హాక్‌మన్ మూడు టేపుల్నీ కలిపి తిప్పుతూ, ఒకటి తగ్గించి ఒకటి పెంచి, డప్పుల మోత కింద నలిగిపోయిన ఒక్క వాక్యాన్ని బయటికి లాగుతాడు. అదే వాక్యం చివర్లో మళ్ళీ వినిపిస్తుంది. ఏ మాట మీద బరువు పడిందో విను, ఇంతకంటే చెప్తే సినిమా చెడిపోతుంది. ఇందులో ఆయన నవ్వు దాదాపు మాయం. వాన ఉన్నా లేకపోయినా ఒంటి మీద ఓ పల్చటి రెయిన్‌కోటు. ఆయన చేసినవాటిలో నా ఓటు దీనికే, ఆయన నటనకి ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు మరి!

ఆ తర్వాత చాలా చేశాడు, అన్నీ చూడక్కర్లేదు. ‘మిసిసిపీ బర్నింగ్’ చూడు. ‘క్రిమ్సన్ టైడ్’లో (1995) సబ్‌మెరీన్ కెప్టెన్. అణు క్షిపణులు వదలాలా వద్దా అని డెంజెల్ వాషింగ్టన్‌తో తగాదా పడి, తెగిపోయిన రేడియో బాగయ్యేదాకా ఇద్దరూ కూచుని గుర్రాల జాతి గురించి మాట్లాడుకుంటారు. ‘ది రాయల్ టెనెన్‌బామ్స్’లో (2001) కేన్సరని అబద్ధమాడి ఇంట్లో చేరే తండ్రి. ఆ నవ్వు అక్కడ ముసలి మోసగాడి నవ్వైపోయింది. ‘రన్అవే జ్యూరీ’ (2003) కథ అంతంతమాత్రం, కానీ బాత్‌రూమ్ సీను కోసం చూడు. పాసడీనా నాటి స్నేహితులు ఆయనా హాఫ్‌మనూ తెర మీద ఎదురుపడటం అదే మొదలు.

2004లో వచ్చిన ‘వెల్‌కమ్ టు మూస్‌పోర్ట్’ ఆఖరిది, వదిలెయ్. తర్వాత ఇరవయ్యేళ్ళకి పైగా బతికినా మళ్ళీ వేషం కట్టలేదు, నవలలు రాసుకున్నాడు. పోయింది 2025 ఫిబ్రవరిలో, 95 ఏళ్ళకి.

ఏది చూసినా డబ్బింగ్‌లో వద్దు, సబ్‌టైటిల్స్ పెట్టుకో. గొంతు మారితే నవ్వు కూడా మారిపోతుంది. ముందు ఆ జైలు సీను చూసి, బాబ్ ఆ పిస్తోలు వంక ఎన్ని సెకన్లు చూశాడో లెక్కపెట్టి రాయి.

నీ,
రఘు