ముందు మిద్దె సంగతి చూద్దాం నాయనా

చిన్నోడా,

నువ్వు పంపిన సోలార్ కొటేషన్ నేనూ మీ నాన్నా కూర్చుని రెండుసార్లు చదివినాము. 5 కిలోవాట్లు, చేతి నుంచి పైసా కట్టబళ్ళేదు, మొత్తం పర్సనల్ లోన్, ఈఎంఐ నీ జీతంలో కట్ అయిపోతాది అని ఉండాది. ఎండాకాలంలో బిల్లుకి భయపడి మేము ఏసీ ఆపేస్తామని నీ బాధ, నాకు తెలుసు నాయనా. కానీ నా లెక్క వేరే, ముందు మిద్దె రిపేరు చేయిద్దాం, ఆ తర్వాతే సోలార్, అదీ 2 కిలోవాట్లే, లోన్ కూడా మీ నాన్న పేరు మీదే తీసుకుందాం.

మిద్దె ఎందుకు ముందంటే, 2021 నవంబర్ వానలకి తిరుపతి అంతా మునిగింది కదా, అప్పట్నుంచి దేవుడి గది పైన చెమ్మ ఆరడమే లేదు. మొన్న పెచ్చు ఊడి పడితే లోపల కమ్మి కనబడింది, తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తా ఉంది, చేత్తో గీకితే ఎర్రటి పొడి రాలతాది. ప్యానెళ్ళకి 25 ఏళ్ళ వారంటీ ఇస్తారు సరే, కింద మిద్దె ఇంకో అయిదేళ్ళకే పని అడిగితే ఏం చేస్తాము, ఆ స్ట్రక్చర్ అంతా విప్పి దించి మళ్ళీ ఎక్కించి వైర్లు కలపాలి, ఆ కూలి ఎవరు పెట్టుకోవాల. మేస్త్రీని పిలిపించి చూపించినాను. పాత పెంకు బిళ్ళలు లేపి, కమ్మి తుప్పు గీకి మందు పూసి, పిట్టగోడ మొదట్లో వాటర్ ప్రూఫింగ్ చేసి, మళ్ళీ ఇటుక ముక్కలు సున్నం వేసి కొట్టి, పైన తెల్ల కూలింగ్ టైల్స్ వేస్తే 90 వేలు అవుతాది అన్నాడు. పని అయినాక తూములు మూసేసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టాల, కింద చెమ్మ రాకపోతేనే మిగతా డబ్బులు ఇస్తానని ముందే చెప్పేసినాను. ఈ డబ్బుకి నువ్వు లోన్ పెట్టొద్దు, నా చీటీ ఉండాది, అది పాడతాను. ఇదంతా ఎండల్లోనే అయిపోవాల, అక్టోబర్ దాటితే మనకి వానలు, తుఫాన్లు, అప్పుడు మేస్త్రీ వచ్చినా పని కాదు.

ఇంక 2 కిలోవాట్లు ఎందుకో చెప్తాను, ఇది కొంచెం ఓపిగ్గా చదువు. సూర్యఘర్ అని ఇంటి మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే స్కీములో మొదటి 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి 30 వేల లెక్కన 60 వేలు ఇస్తారు, మూడోదానికి 18 వేలే, ఆ పైన ఎంత పెట్టినా మొత్తం 78 వేలు దాటదు. అంటే నీ 5 కిలోవాట్లలో చివరి రెండింటికి సబ్సిడీ ఏమీ లేనట్టే. మన కరెంటు బిల్లు కూడా చూడు, మొదటి 30 యూనిట్లు రూపాయి తొంభై పైసలు, అట్లా పెరిగి పెరిగి 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. సోలార్ వస్తే ముందు తగ్గేది ఆ పై యూనిట్లే, అంటే ఖరీదైనవే. మనకి చలికాలంలో 180, మేలో ఏసీ వేస్తే 420 దాకా అయితాది. 2 కిలోవాట్లు నెలకి 240 యూనిట్ల దాకా ఇస్తాది. మే నెలలో 2,700 పైన వచ్చే బిల్లు 750 దగ్గర నిలబడతాది, చలికాలంలో అయితే దాదాపు సున్నా. మూడో కిలోవాట్ మిగిల్చేది ఆ ఎండాకాలం నెలల్లో మహా అయితే ఆరు వందలు, మిగతా నెలల్లో మనకి అవసరమే లేదు. ఎక్కువైన యూనిట్లకి కరెంటోళ్ళు ఇచ్చే రేటు మనం కొనే రేటంత ఉండదు కదా.

ఇక్కడ మాకు 2 కిలోవాట్లకి లక్షా 30 వేలు చెప్పినారు. 3 కిలోవాట్ల లోపు అయితే ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా ఆరేడు శాతం వడ్డీకే లోన్ ఇస్తాయి, మనం ఖర్చులో పది శాతం, అంటే 13 వేలు కడితే చాలు. నీ పర్సనల్ లోన్ పన్నెండు పైన. సబ్సిడీ ముందే చేతికి రాదు, నెట్ మీటర్, అదే మనం తీసుకున్న కరెంటూ లైన్‌కి ఇచ్చిన కరెంటూ రెండూ లెక్కపెట్టే మీటర్, అది పెట్టి తనిఖీ అయినాకే ఖాతాలో పడతాది, అందుకే దాన్ని ముందే ఖర్చులో కలపబాక. పడిన 60 వేలు లోన్‌కే కట్టేస్తే మిగిలేది 57 వేలు, పదేళ్ళకి నెలకి 650 దగ్గర. మీ నాన్న పెన్షన్‌లో అది బరువేం కాదు నాయనా. ప్యానెళ్ళు మన దేశంలో తయారైనవి అయితేనే సబ్సిడీ, అది బిల్లులో రాయించుకోవాల.

పెట్టేటప్పుడు నేను పట్టు పట్టేవి కొన్ని ఉండాయి. స్లాబ్‌కి బోల్టులు దించనియ్యను, కొత్తగా వేసిన పని అంతా చిల్లులు పడతాది, సిమెంట్ దిమ్మెలు కట్టి వాటి మీదే కాళ్ళు నిలబెట్టాల, గాలికి లేవకుండా సరిపడా బరువుతో. ఎత్తు మనిషి నిలబడేంత ఉంటే కింద వడియాలు పెట్టుకోవచ్చు. ప్యానెళ్ళు దక్షిణం చూడాల, అంటే తిరుమల కొండకి వీపు పెట్టి ఉంటాయి. నీళ్ళ ట్యాంకు నీడ వాటి మీద పడకూడదు. కోతులు వైర్లు లాగకుండా అన్నీ పైపుల్లో పోవాల. కడగడం పొద్దున్నే, ఎండెక్కినాక కాలే అద్దం మీద చల్లనీళ్ళు పోస్తే పగలొచ్చు. మన బోరు నీళ్ళకి ఉప్పు మరకలు కడతాయి, కడిగినాక తుడవాల. ఇంకోటి, కరెంటు పోతే ఇది కూడా ఆగిపోతాది, లైన్‌లో పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అట్లా చేస్తారంట, కాబట్టి మన ఇన్వర్టర్ బ్యాటరీ అట్లే ఉంచుకుందాం.

ఇప్పుడు నీతో ఒక్కటే పని. మీటర్ ఇంకా మీ తాత పేరు మీదే ఉండాది, అప్లికేషన్ మీటర్ పేరున్నవాళ్ళే పెట్టాలంట. పేరు మార్చడానికి తాత డెత్ సర్టిఫికెట్, మీ అత్త సంతకం కావాలి. అత్త మీ దగ్గర్లోనే ఉంటాది కదా, నువ్వూ కోడలు పిల్లా ఆదివారం పోయి నాలుగు మాటలు మాట్లాడి, ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని విషయం చెప్పి సంతకం పెట్టించుకో. ఆ కాగితం స్పీడ్ పోస్టులో పంపు, మీ నాన్న కరెంటాఫీసుకి తీసుకుపోతాడు.

మీ అమ్మ