ఆ ఒక్క రిపోర్టుతో తేలేది కాదు

గుంటూరు

చిన్నతల్లీ,

నువ్వు పంపిన రిపోర్టు చూశాను. ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాన్ని పనిచేయించే హార్మోన్) 7 వచ్చింది కాబట్టి మెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోయే దశ, ఛాయలే లేవు, తేదీలు తప్పడం, ఆవిర్లు అంతా టెన్షన్ అన్నారట డాక్టరుగారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆవిడ చదువును తక్కువ చేయడం లేదు, ఆ ఒక్క అంకె చూసి లేదని తేల్చెయ్యకూడదు, అంతే.

నలభైల్లో అండాశయంలో అండాలు తగ్గిపోతాయి. పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచి దాన్ని తరుముతుంది. ఒక నెల అండాశయం పలుకుతుంది, ఈస్ట్రోజెన్ పెరిగి ఎఫ్‌ఎస్‌హెచ్ దిగిపోతుంది. ఇంకో నెల పలకదు, అప్పుడు ఆ అంకె 25 దాటిపోతుంది. పైగా నీ రక్తం తీసింది డేట్ వచ్చిన పదిహేడో రోజున. తీస్తే 2 నుంచి 5 రోజుల మధ్య తీయాలి. జుట్టు ఊడుతోందని వేసుకుంటున్న బయోటిన్ బిళ్ళ కూడా కొన్ని మెషీన్లలో ఎఫ్‌ఎస్‌హెచ్‌నీ, టీఎస్‌హెచ్‌నీ (ఇది థైరాయిడ్ పరీక్ష) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మళ్ళీ పరీక్షకి వెళ్ళే ముందు కనీసం మూడు రోజులు ఆపు. హార్మోన్ బిళ్ళలు వాడుతున్నప్పుడు చేయించిన ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా నమ్మదగింది కాదు.

45 దాటినవాళ్ళకి లక్షణాలు, తేదీలు చూసే చెప్తారు, ఈ రక్తపరీక్ష అక్కర్లేదు. నీకు 44 కాబట్టి చేయించడంలో తప్పు లేదు, కానీ నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు చేయించాలి. మన దేశంలో నెలసరులు సగటున 46, 47కే ఆగిపోతాయి, పాశ్చాత్య దేశాల్లోలాగా 51 దాకా ఉండవు. మీ అమ్మమ్మకీ నాకూ 46 లోపే ఆగాయి. తల్లి వయసు కూతురికి కొంత లెక్కలోకి వస్తుంది, అది కూడా చెప్పు.

అసలు బలమైన సాక్ష్యం నీ గోడ మీది క్యాలెండరు. ఎర్రగా మొదలైన రోజు ఒకటో రోజు, మరకలాగా కనపడింది కాదు. అక్కణ్ణుంచి మళ్ళీ వచ్చే ఒకటో రోజు ముందు రోజు దాకా లెక్కపెట్టు. 24, 33, 25 ఇలా పక్కపక్క నెలలకి ఏడు రోజులో అంతకు మించో తేడా వచ్చి, పది నెలసరుల లోపు మళ్ళీ అలాగే జరిగితే మార్పు మొదలైనట్టే. 60 రోజులు, ఆపైన రాకపోతే ఈ మార్పు చివరి దశకి వచ్చినట్టు. అక్కణ్ణుంచి పూర్తిగా ఆగడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్ళు. వరసగా 12 నెలలు రాకపోతేనే ఆగిపోయాయనడం.

ఆవిర్ల సంగతి. బెజవాడ మే నెల ఉక్కకి అందరికీ చెమటే, అందుకే డాక్టర్లు ఆ మాట తీసిపారేస్తారు. కానీ ఇది వేరు. ఛాతీలోంచి మెడకీ మొహానికీ ఎగబాకి, కొద్ది నిమిషాల్లో చెమట పట్టేసి, తర్వాత చలి వేస్తుంది. ఏసీ గదిలో అర్ధరాత్రి లేపుతుంది. ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపుందో రాసుకో.

అలాగని అన్నిటికీ ఇదే కారణం అనుకోకు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చేయించు. డేట్ దాటితే ముందు గర్భం పరీక్ష. అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియని రోజులివి, కాపర్ టీ ఇప్పుడే తీయించకు. గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, రూపాయి బిళ్ళంత గడ్డలు పడినా, ఏడు రోజులు దాటినా స్కాన్ తప్పదు.

డాక్టరుగారితో వాదించొద్దు. కాగితం ముందు పెట్టి, “ఈ తేదీలకి కారణం మెనోపాజ్ కాకపోతే మరేమిటి? దానికి ఏ పరీక్ష చేద్దాం?” అని అడుగు. జవాబు రాకపోతే సూర్యారావుపేటలో ఇంకొకరికి చూపించు. ఎవరైనా తొందరపడి గర్భసంచి తీసేద్దామంటే మాత్రం ఒప్పుకోకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఆ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందుంది, నాకు అదే బాధ. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది. వాటిని ఉంచినా, కొందరికి ముందుగానే వచ్చేస్తుంది.

నిజంగానే 45 లోపు ఆగిపోతే ఎముకలు, గుండె కోసం హార్మోన్ చికిత్స సంగతి తప్పక మాట్లాడాలి. రొమ్ము క్యాన్సరు, రక్తం గడ్డకట్టే జబ్బు లాంటివి లేవా అన్నది చూసి ఇస్తారు.

గత ఆరు నెలల తేదీలు ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. అపాయింట్‌మెంట్‌కి ముందే చూస్తాను.

మీ అమ్మ